మనిద్దరికే వచ్చిన అక్షరాలు

గోల్ బజార్, చంద్రపూర్
ఏప్రిల్ 6

మా ఇంటి ఆడబిడ్డ, కొరియా మహారాణి హేమలతకు,

నువ్వు క్షేమంగ దిగినవని మా మధుకర్ చెప్పిండు. సంతోషం. ఇగ అసలు ముచ్చటకొస్త.

యాభై ఏడేండ్ల మనిషివి. రాజురా బడిల ముప్పై మూడేండ్లు పిల్లల చెవులు పిండి రిటైరైనవ్. ఎండకాలం ఓర్వలేకుంటే చిఖల్‌దరా పోరాదా? చల్లగుంటది, మరాఠీల అడిగితే చాయ దొరుకుతది. రెండున్నర నెలలకని సువాన్ పోయినవట! అక్కడేమున్నది రా అని మధుకర్‌ను అడిగితే, "పాత కోట, కొత్త ఊరు పక్కపక్కన్నే ఉంటయమ్మా, మనసుకు ఆరాం ఉంటది" అన్నడు. మరి చంద్రపూర్‌ల ఏం తక్కువైంది? గోండు రాజులు కట్టిన కోట గోడ మన గిన్నెల దుకాణం నుంచి నడిస్తే పది నిమిషాలు. పుట్టిన కాడికెళ్లి లగ్గమయ్యేదాక ఆ గోడ పక్కపొంటి తిరిగినవ్. ఒక్కనాడు తలెత్తి చూసినవా? పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊకెనే అన్నరా? గోడ చూసేటందుకు విమానమెక్కిన మనిషిని నిన్నే చూస్తున్న.

నేను ఎందుకు రాలేదో వంద సార్లు అడిగినవ్, మళ్ల చెప్తున్న. నా చేతిల ఏమున్నది? మధుకర్ సరే అనుకుంటనే సణిగిండు. కోడలు విద్య అయితే మొహం మాడ్చుకుంది. పెండ్లిండ్ల సీజన్ల అత్తమ్మ పోతే దుకాణం ఎవరు చూస్తరని. నోటితోని అనలేదు. మాడిన మొహానికి నోరెందుకు? మీ అన్న పోయిన కాడికెళ్లి ఇరవై రెండేండ్లు నేను కూసున్న గద్దె అది. నన్ను లేపి పంపేటందుకు వాళ్లకు ధైర్యం రాలేదు.

ఫోన్ల ఈ ముచ్చట్లు పెట్టుకుందామంటే ఇల్లు మూడు గదులు, గోడలకు చెవులు. మన పాత పద్ధతే మంచిది. నేను కాయితం మీద రాస్త, విద్య ఫొటో తీసి పంపుతది. ఫికర్ చెయ్యకు. తెలుగు గడగడ మాట్లాడుతది గని మరాఠీ బడిల చదివిన పిల్ల, తెలుగక్షరం ఒక్కటి రాదు. మొన్న నా సామాన్ల చీటీ ఉల్టా పట్టుకొని చూస్తున్నది.

యాదికున్నదా, నేను సిర్పూర్ నుంచి కాపురానికొచ్చినప్పుడు నీకు పదిహేనేండ్లు. ఇంట్ల తెలుగు చదివేటోళ్లు ఒక్కరు లేకుండిరి. దుకాణం వెనుక పలక మీద నీకు అక్షరాలు దిద్దించిన. మీ అమ్మ మీద చాడీలు రాసి చారు గిన్నె కింద పెడితే నువ్వు చదివి కిసకిస నవ్వుదువు. పాపం ఆమె ఆఖరిదాక అవి సామాన్ల చీటీలనే అనుకుంది.

ఇప్పుడు నా కష్టం విను. కోడలు చాయల చక్కెర గుమ్మరిస్తది. చాయ తాగుతున్ననా, పాకం తాగుతున్ననా తెల్వదు. దానికితోడు రోజంతా ఆ కొరియా సీరియల్లు. నీకు ఆ పిచ్చి అంటించింది కూడ అదే.

అక్కడ ఏం తింటున్నవో రాయి. ఏం తినలేక చిక్కిపోయిన అని రాస్తే ఇంకా సంతోషం.

నీ వదిన,
అనసూయ


సువాన్
ఏప్రిల్ 13

గోల్ బజార్ గద్దె దిగని వదినకు,

నీ లెటరు చదివి పొట్ట పట్టుకొని నవ్విన. నేను దిగిన ఇంటామె ఉరికొచ్చింది, ఏమైందో అని. అందని ద్రాక్షపండ్లు పుల్లన అని నీకు రాద్దామనుకున్న. కాని అందకుండ చేసినోళ్లు వేరే ఉన్నరు కదా అని ఊకున్న.

చిక్కిపోలేదు. అన్నం మీద ఏడు రకాల కూరగాయలు పేర్చి, ఎర్రటి కారం ముద్ద పెట్టి ఇస్తరు. గుడ్డు వద్దని చెయ్యి ఊపితే చాలు, తీసేస్తరు. ముల్లంగి పచ్చడి ఉన్నది, నువ్వు పెట్టేదానికన్న బాగుంటది. కోపం తెచ్చుకో.

ఇల్లు పాత పద్ధతిది. దూలాలు, పెంకులు, కాయితం అతికిన తలుపులు. నేల కింద కెళ్లి వేడి వస్తది, పొద్దున మోకాళ్ల నొప్పి ఉండదు. గల్లీ దాటితే అద్దాల మేడలు, కాఫీ దుకాణాలు. ఇంకో దిక్కు తిరిగితే కోట గోడ. అయిదున్నర కిలోమీటర్లు ఉంటదట, మెట్లు ఎక్కుకుంట, దిగుకుంట రోజూ కొంత నడుస్తున్న. ఊరి నడుమ ఒక గేటున్నది, పల్దల్‌మున్ అంటరు. దాని చుట్టు బస్సులు తిరుగుతయ్, పక్కనే బజార్. మొదటిసారి చూసి బిత్తరపోయిన. అచ్చం మన జట్‌పురా గేటే! హారన్ల మోత ఒక్కటే లేదు.

మరి భాష రాకుండ ఎట్ల బతుకుతున్నవ్ అంటవేమో. ఫోన్ ఉన్నది కదా. బోర్డు మీద, చీటీ మీద, మందు సీసా మీద, దేని మీద పట్టినా కొరియన్ పోయి మరాఠీ కనపడుతది. ఇంటామె చేత్తో రాసి పెట్టిన కాయితం కూడ చదివేస్తది. పోయే ముందు ఇది ఎట్ల వాడాల్నో నేర్పింది విద్యనే.

నిన్న రాజమహల్ చూసిన. ఈ ఊరు కట్టించిన రాజు తల్లికి అరవై నిండితే, ఆమెను పల్లకిల ఎక్కించి, వేల మందిని వెంటబెట్టుకొని ఇక్కడిదాక తెచ్చి విందు చేసిండట. ఆ తల్లి కోసం వేసిన పీట, పళ్లాలు అట్లనే పెట్టి చూపిస్తున్రు. నాకు నువ్వే యాదికొచ్చినవ్. వచ్చే నెల నీకు అరవై నిండుతున్నయ్. పల్లకి సంగతి దేవుడెరుగు, వచ్చే మనిషిని ఆపిన్రు మనోళ్లు.

నా గదిల రెండు పరుపులున్నయ్. ఇద్దరికని చెప్పి పెట్టుకున్న గది కదా. ఇంటామె రోజూ రెండూ పరుస్తది. రెండోది ఎవరికని సైగ చేస్తది. నేను ఏం చెప్పను? విద్యను నేనే అడుగుత, చూడు. నాకు భయమేంది?

హేమ


గోల్ బజార్, చంద్రపూర్
ఏప్రిల్ 22

ఓ హేమా,

నా పచ్చడికి వంక పెట్టినవ్ కదా. వచ్చినంక అడుగు, జాడి మూత తీస్తే ఒట్టు.

ఇక్కడ నలభై అయిదు డిగ్రీలు. కూలర్ గాలి కాదు, పొయ్యి గాలి. మహాకాళి జాతర అయ్యి, లగ్గాల గిరాకి జోరందుకుంది. నువ్వేమో నేల వెచ్చగుందని మురుస్తున్నవ్. మా ఇంటికి రా, నేల మీద రొట్టె కాల్చిపెడుత.

పూల ఫొటోలు పంపినవ్, రోడ్డు పొంటి తెల్లగ. బాగున్నయ్, కాదనను. కాని పూలు చూసేటందుకు టికెట్ ఎందుకే? ఫాగుణంల గోండ్‌పిప్రి బస్సెక్కితే అడివంత మోదుగు పూలే. ఆ బస్సెక్కినప్పుడు మాత్రం కిటికీకి తల ఆనించి గుర్రు పెడుదువు. ఆ రాజు కథ చదివిన. తల్లిని పల్లకిల మోసుకొచ్చిండట! రాజులకు పనేముంటది? గిన్నెలమ్ముకొని బతికితే తెలిసేది.

నిన్న విరూర్ నుంచి ఒక లగ్గమోళ్లొచ్చిన్రు. పిల్లకు పెట్టే యాభై ఒక్క గిన్నెల మీద పేర్లు కొట్టాలె, తెలుగులనే కావాలె, మా ముసలమ్మ చదువుకుంటది అని పట్టుబట్టిన్రు. మధుకర్ నా దిక్కు చూసిండు. మరాఠీల పేరు బజార్ల ఎవరైనా కొడుతరు. తెలుగుల కొట్టేది నేనొక్కదాన్నే. మిషన్ పట్టుకొని కూసుంటే మధ్యాహ్నానికి వేళ్లు తిమ్మిరెక్కినయ్. చూసినవా, నేను కొరియాల పూలు చూసుకుంట తిరిగితే ఆ పిల్ల గిన్నెలు మొండిగ పోతుండె. గిన్నె మీద పేరు లేకుంటే అత్తగారింట్ల అది ఎవరి గిన్నె? పెట్టినోళ్లెవరు, తెచ్చుకున్నదెవరు?

ఇగ కోడలి సంగతి. ఈ నడుమ చాయల చక్కెర తగ్గించింది. ఎవరు చెప్పిన్రో ఏమో, దేవుడే చెప్పిండనుకుంట. కాని ఇంకో రోగం పట్టుకుంది. నా లెటరు ఫొటో తీసేటప్పుడు గడియసేపు దాని మీదనే ఫోన్ పట్టుకొని ఉంటది. ఫొటో అంత సేపా అంటే "మంచిగ రావాలె కదా అత్తమ్మా" అంటది. ఒక్కొక్కపారి మూతి బిగబట్టి నవ్వుతది. వట్టి మెదడులేని పిల్ల. పాత గిన్నెల మూలకు పోయి ఏం చేస్తదో, మిషన్ గిర్రుమంటది. నేను పోంగనే బంద్ చేస్తది. దాన్నడిగేది లేదు, నువ్వు ఏమీ అడగకు. అడిగితే నా మీద పడుతది. నన్ను పోనియ్యలేదన్న కడుపుమంట నాకు ఉన్నది చాలు, ఊరంత టాంటాం చెయ్యకు.

కడుపుమంటకు మందు అక్కడ దొరికితే పంపు.

అనసూయ


సువాన్
మే 3

వదినా,

ఈ లెటరు నవ్వుకుంట మొదలుపెడుదామనుకున్న. మొన్న ఇక్కడి స్నానాల ఇంటికి పోయిన. వేడి నీళ్ల హౌజులు, ఆవిరి గదులు, ఆడోళ్లందరు పుట్టిన తీరుగ తిరుగుతున్రు. నేను తువాల చుట్టుకొని గోడకు అతుక్కున్న. డెబ్బై ఏండ్ల ముసలామె ఒకతి వచ్చి తువాల గుంజి, నన్ను బల్ల మీద పండబెట్టి, గరుకు గుడ్డతోని వీపు తోమింది. ముప్పై మూడేండ్ల సుద్దముక్క దుమ్ము ఆనాడే వదిలిందనుకో. నువ్వు ఉంటే ఎన్ని తిట్లు తిడుదువో తలుసుకొని ఒక్కదాన్నే నవ్విన.

ఇగ నవ్వు బంద్.

నువ్వు అడగొద్దన్నవ్, నేను అడిగిన. మరాఠీల విద్యకు గట్టిగ మెసేజ్ పెట్టిన. "అరవై ఏండ్ల మనిషిని గద్దెకు కట్టేసి కూసోబెట్టిన్రు, సిగ్గులేదా" అని. రెండు రోజుల తర్వాత ఒకటే ముక్క వచ్చింది. "చిన్నత్తమ్మా, నేను ఏమనను. అత్తమ్మనే అడగండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మధుకర్‌కు ఫోన్ చేసిన. వాడు మొదలు నమిలిండు, తర్వాత కక్కిండు. నీ అరవై ఏండ్లకు కానుకని వాళ్లిద్దరే టికెట్ కొన్నరట. వీసా కూడ వచ్చిందట. పెట్టె కూడ విద్యనే తెచ్చిందట, నీలం రంగుది. పోయే వారం ముందర నువ్వే "నేను పోను, వాపస్ చెయ్యి" అన్నవట. ఎందుకంటే చెప్పలేదట. పెట్టెల ఇప్పుడు కొత్త చెంచాలు పోసి పెట్టినవట!

అసలు ముచ్చట ఇంకోటున్నది. కూసోని నీ లెటర్లు మళ్ల చదువుతున్న. "గడియసేపు ఫోన్ పట్టుకొని ఉంటది" అన్న కాడ ఆగిన. నా ఫోన్ల ఉన్న నీ లెటరు ఫొటోను, కొరియా బోర్డును చదివించినట్టే, చదివించి చూసిన. వదినా, మొత్తం మరాఠీ అయ్యింది. గిన్నె మీద కొట్టినట్టు గుండ్రటి అక్షరాలు నీవి, ఫోన్‌కు ఇబ్బందే లేదు. చక్కెర పాకం వచ్చింది. మాడిన మొహం వచ్చింది. "మెదడులేని పిల్ల" కూడ వచ్చింది, అచ్చంగ.

చాయల చక్కెర ఏ దేవుడు తగ్గించిండో ఇప్పుడు తెలిసిందా?

ఆ పిల్ల నెల రోజుల సంది తన మీద చాడీలను తనే ఫొటో తీసి నాకు పంపుతున్నది. నేను పెట్టిన చివాట్లు కూడ మింగింది. నీ మీద ఒక్క మాట చెప్పలేదు.

నాకు నిజం రాయి. నువ్వు నా మీద ఎన్ని జోకులేసినా పడుత. నాకు అబద్ధం చెప్పినవ్, అది పడ.

హేమలత


గోల్ బజార్, చంద్రపూర్
మే 11

హేమా,

ఈ ఫొటో నేనే తీసిన. మూలకు నా బొటనవేలు పడ్డది. ఏమనుకోకు.

నీ లెటరు తెరిచి నా చేతిల పెట్టింది కూడ విద్యనే. చదివినంక మూడు రోజులు దాని మొహం చూడలేదు. అది మాత్రం ఎప్పటిలెక్కనే అన్నం పెడుతది, చాయ ఇస్తది. తిడితే బాగుండు. నోరు లేని పిల్ల అని ఇన్ని రోజులు నవ్విన. ఆ నోరు లేకపోవుడే ఇప్పుడు నన్ను కాల్చుకతింటున్నది.

ముందుగాల నీకు తిట్లు. ఆ ముదనష్టపు ఫోన్ ముచ్చట మొదటి లెటర్లనే సరిగ రాయొద్దా? రాసినవ్, నిజమే. కొరియాకే అనుకున్న. మన అక్షరాల జోలికి ఎవరొస్తరనుకున్న. ఇంట్ల పిల్లలకు రాని భాషకు తాళమెందుకు అనుకున్న. నలభై రెండేండ్లు మనిద్దరివే కదా ఆ అక్షరాలు!

ఇగ నిజం. నన్నెవరూ ఆపలేదు. విద్య మొహం మాడ్చలేదు. పెట్టె తెచ్చిననాడు చిన్నపిల్ల లెక్క ఎగిరింది.

భయమైంది హేమా. విమానమంటే కాదు. కొత్త ఊరంటే కాదు.

మీ అన్న పోయిన పదమూడో నాడు నేను గద్దె మీద కూసుంటే బజారంత నవ్వింది. ఆడది గిన్నెల దుకాణం నడుపుతదట అన్నరు. మీ అమ్మ కూడ అన్నది, నీకు తెలుసు. మధుకర్‌కు పన్నెండేండ్లు. ఒక్కనాడు గద్దె దిగలేదు. జ్వరమొచ్చినా దిగలేదు, అక్క చచ్చినా ఒక్క పూటల వచ్చిన. నేను లేకుంటే నడవదు అనుకున్న. అందరితోని అనిపించుకున్న. అదే నా బలం.

టికెట్ చేతికొచ్చిన రోజు విద్య అన్నది, "ఫికర్ చెయ్యకు అత్తమ్మా, పదిహేను రోజులు నేను చూసుకుంట." ఆ మాట మంచికే అన్నది. నేనే దాన్ని వేరే తీరుగ విన్న. నేను పోయి తిరిగొస్తె, దుకాణం మంచిగ నడిచి ఉంటే? నా అవసరమే లేదని అందరికి ఎరుకైతే? ఇరవై రెండేండ్లు నేను ఎందుకు కూసున్నట్టు? ఎక్కడెక్కడ తిరగాల్సినవి ఎందుకు ఇడిచిపెట్టినట్టు?

ఆ మాట నీకు చెప్పేటందుకు సిగ్గయ్యింది. నువ్వు ఒంటరిదానివైనా పెట్టె పట్టుకొని పోయినవ్. నేను నిండిల్లు పెట్టుకొని దడుచుకున్న. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కోడలి మీద పెట్టిన. మీ అమ్మ నన్ను అన్నవన్నీ నేను దాన్ని అన్న, అవే అక్షరాలల్ల.

ఒక్క తెలుగు పేర్లు కొట్టుడు మిగిలింది నాకు. అదొక్కటి మాత్రం ఎవరికీ రాదు. దాన్ని పట్టుకొనే కూసున్న.

ఇప్పుడు దాని ముందర ఎట్ల నిలవడాలె? చెప్పు. చదువుకున్నదానివి.

వదిన


సువాన్
మే 17

వదినా,

చదివి కోపం పోయింది. కొంచెం మిగిలింది, వచ్చినంక ముఖం మీదనే ఇచ్చిపోత.

ఎట్ల నిలవడాలె అంటవ్. గద్దె దిగి, రెండు కాళ్ల మీద నిలవడు. ఏముందందుల? నాకు పదిహేనేండ్లప్పుడు అక్షరం తప్పు దిద్దితే జుట్టు పట్టి గుంజుదువు, తర్వాత బెల్లంముక్క పెడుదువు. ఆ బెల్లంముక్క మాట ఇప్పుడు విద్యకు చెప్పు. ఫోన్ల వద్దు, కాయితం మీద వద్దు, నోటితోని చెప్పు.

దుకాణం నీవల్ల నిలవడ్డది. ఇప్పుడు నువ్వు లేకున్నా నిలవడితే అది నీకు అవమానం కాదు. గోడ కట్టిన తాపీమేస్త్రి గోడను పట్టుకొని నిలవడతడా? ఇక్కడి రాజు తల్లి కూడ పల్లకి ఎక్కింది కదా, మహల్ కూలిపోతదని ఇంట్ల కూసోలేదు.

జూన్ 18 దాక నేను ఇక్కడనే. రెండో పరుపు తియ్యమని ఇంటామెకు ఇంకా చెప్పలేదు.

హేమ


గోల్ బజార్, చంద్రపూర్
మే 27

హేమా,

తాపీమేస్త్రి కథలు బడిపిల్లలకు చెప్పుకో. మీ రాజు తల్లికి పల్లకి మోసేటోళ్లున్నరు. నాకు మోకాళ్లే.

మొన్న 25 నాడు నాకు అరవై నిండినయ్. విద్యకు ఆ పొద్దే చెప్పాలనుకున్న. పొద్దున గుడికి పోయి, వచ్చుడు వచ్చుడే చెప్తనని దారంత మాట కూడబెట్టుకున్న. దుకాణం మెట్లెక్కంగనే మిషన్ గిర్రుమంటున్నది. చూస్తే గద్దె పక్కన విద్య కూసొని ఉన్నది. ఎదురుంగ విసాపూర్ నుంచి వచ్చిన ముసలోడు, ఆయన బిడ్డ. పెద్ద డేగిశ మీద విద్య పేరు కొడుతున్నది. తెలుగుల! ముసలోడు అద్దాలు సవరించుకొని కూడబలుక్కొని చదివిండు. "కనకరాజు. సక్కగున్నది బిడ్డా" అన్నడు. పైసలిచ్చి పోయిండు.

ఆ ఒక్కటి మిగిలిందన్న కదా. అది కూడ పోయింది. ఎన్నడు నేర్చినవే అన్న. చేయి పట్టుకొని పాత గిన్నెల మూలకు తీసుకపోయింది. సొట్టలు పడ్డ పళ్లాలు ముప్పై దాక ఉన్నయ్. తిప్పి చూస్తే వెనుక దిక్కు అ ఆ లు, గుణింతాలు, మన ఇంటి పేర్లు, నా పేరు ఎన్నిసార్లో. ఫోన్‌ల మరాఠీ చూసుకుంట, నా లెటర్ల పక్కన పెట్టుకొని, ఒక్కొక్క అక్షరం గుర్తుపట్టిందట. పలక లేదు, మాస్టరమ్మ లేదు. నా చాడీలే దానికి వాచకం అయినయ్.

నాకు ఏడుపు రావాలె కదా, కోపమొచ్చింది. "ఆ 'మ' కొమ్ము గిట్లనా తిప్పేది? కోతి తోక తిప్పినట్టుంది" అన్న. అది నవ్వింది. ఇన్నేండ్లల్ల నా ముందర పండ్లు కనపడేటట్టు నవ్వుడు అదే మొదలు. గప్పుడు పడ్డయ్ నా నోట్లకెళ్లి మాటలు. "నేను నీ మీద అబద్ధం రాసిన బిడ్డా. భయపడి రాసిన" అన్న. అది "ఎరుకే" అన్నది. గంతే. నాతోని ఇంకో మాట అననియ్యలేదు. గల్లా కిందికెళ్లి పేపర్ చుట్టిన డబ్బా తీసి చేతిల పెట్టింది. మూడు గిన్నెల స్టీల్ టిఫిన్ డబ్బా. మూత మీద వంకరటింకర తెలుగుల ఏమున్నదో రాస్తున్న, ఉన్నదున్నట్టు:

"మా అనసూయ అత్తమ్మకు. మంచిగ పోయిరా. నేను మొహం మాడ్చలేదు. విద్య."

గిన్నె మీద కొట్టిన పేరు చెరగదు హేమా. నేను కాయితం మీద రాసిన అబద్ధం మీద అది స్టీల్ మీద నిజం కొట్టింది. దుకాణంల కూసొని, గిరాకి ముందర ఏడ్చిన. విరూర్ లగ్గమోళ్లు వాపస్ వచ్చిన్రు అప్పుడే, ఒక గిన్నె తక్కువైందని. వాళ్ల ముందర కూడ ఏడ్చిన. చూడనియ్యి.

నిన్న పొద్దుగాల ఎండ రాకముందే ఇద్దరం కోట గోడ ఎక్కినం. అరవై ఏండ్లకు మొదటిసారి ఎక్కిన. మీ దాని కంటె రెండంతలు పొడుగుంటదట, ఇక్కడోళ్లు చెప్తరు. నేను మూడు బురుజుల దాక పోయి కూలబడ్డ. పైకెళ్లి చూస్తే ఒక దిక్కు రామాళా చెరువు, ఇంకో దిక్కు కరెంటు కారఖాన చిమ్నీలు, నడుమ మన బజార్. మన దుకాణం కప్పు ఎక్కడుందో దొరకలేదు. విద్య వేలు పెట్టి చూపించింది. గంత చిన్నగున్నది. దానికోసమా నేను ఇరవై రెండేండ్లు భయపడ్డ, అనిపించింది.

వీసా జూన్ ఆఖరుదాక చెల్లుతదట. మధుకర్ మళ్ల టికెట్ చేసిండు. జూన్ 3న వస్తున్న, 18న నీతోని వాపస్ వస్త. నీలం పెట్టెల చెంచాలు తీసేసిన. పచ్చడి జాడి పెడుతున్న, ఆ ముల్లంగిదానికి బుద్ధి చెప్పేటందుకు. తువాల గుంజే ముసలామెకు ముందే చెప్పిపెట్టు, నా జోలికి వస్తే చెయ్యి విరుగుతది. మీ రాజు మహల్ చూస్త, మీ గోడ చూస్త, ఏది మన దానికన్న ఎట్ల తక్కువో అక్కడ నిలవడి చెప్త.

ఇంటామెకు చెప్పు. ఆ రెండో పరుపు జర ఎండల వెయ్యమను.

నీ వదిన,
అనసూయ

చిన్నత్తమ్మా, ఈ ఫొటో నేను తీస్తున్న. కింద ఈ నాలుగు ముక్కలు కూడ నేనే రాస్తున్న, తప్పులుంటే నవ్వొద్దు. అత్తమ్మ భయపడ్డది నిజమే, పదిహేను రోజులు దుకాణం మంచిగనే నడుస్తది. కాని తిట్టేటోళ్లుండరు. పదహారో రోజు అత్తమ్మను ఉంచుకోవద్దు. విద్య.